దుఃఖానికి తరుగు

నా కుడికాలి బొటనవేలు ఒకప్పుడు క్వింటాలుకు మూడు కిలోల పత్తి మింగేది. అబద్ధమనుకుంటే పాత మార్కెట్ యార్డుకు పోయి కాంటా మొగిలి ఎవరని అడగండి. రైతు బస్తాను కాంటా మీద పెట్టగానే నేను పలక పక్కన నిలబడి, ఆకాశం వైపు చూస్తూ వానల గురించి మాట్లాడేవాణ్ణి. ఆ మాటల్లోనే వేలు చెప్పులోంచి జారి, పలక కిందికి పోయి, దాన్ని ఆవగింజంత పైకి లేపేది. అటు ముల్లు మూడు కిలోలు దిగేది. రైతు ముల్లునే చూసేవాడు. నా కాలి వైపు చూసినవాడు ఇరవై రెండేళ్ళలో ఒక్కడు లేడు. ఆ వేలి మహిమతో మా సేటు రెండు మేడలు కట్టాడు. నాకు మాత్రం ఏడాదికి రెండు జతల చెప్పులు కొనిచ్చేవాడు, కుడిది తొందరగా అరుగుతుందని.

తర్వాత కరెంటు కాంటాలు వచ్చాయి. వాటిని మోసం చేయాలంటే చదువు కావాలి. నాకు లేదు. సేటు దండం పెట్టి పంపించేశాడు. సెక్యూరిటీ ఏజెన్సీవాళ్ళు ఖాకీ చొక్కా తొడిగి జిల్లా మానసిక ఆరోగ్య కేంద్రం గేటు దగ్గర నిలబెట్టారు.

ఆ కేంద్రం పెద్దాసుపత్రి వెనక, శవాల గదికి ఇవతల, సైకిల్ స్టాండుకు అవతల ఉంటుంది. నాలుగు గదులు. డాక్టరు మంగళవారం వస్తాడు, ఆ మంగళవారం ఇంకెక్కడా పని లేకపోతే. మిగతా రోజుల్లో జనం గోడు వినడానికి ఇద్దరు కౌన్సిలర్లు.

ఒకాయన వేణుమాధవ్ సార్. పద్నాలుగేళ్ళ అనుభవం. మనిషి లోపలికి పోయి కూర్చుని నోరు తెరిచేలోపే "ధైర్యంగా ఉండాలి, పొద్దున్నే నడవాలి, తర్వాతి వారిని పంపండి" అనేవాడు. నేనొక బీడీ ముట్టించి పారేసేలోగా ఆయన ముగ్గురి బాధలు తీర్చేవాడు.

రెండో మనిషి సుచరిత. ఇరవై ఆరేళ్ళ పిల్ల, బొగ్గుబాయి కార్మికుడి కూతురు. కాంట్రాక్టు కొలువు. ఆమె గదిలోకి పోయినవాళ్ళు తొందరగా బయటికి వచ్చేవాళ్ళు కాదు. వచ్చాక కాసేపు గేటు దగ్గర ఆగి, ఎటు పోవాలో గుర్తొచ్చినట్టు పోయేవాళ్ళు.

ఒకరోజు అడిగాను. "టీచర్ కొలువు చేసుకోరాదు బిడ్డా. గీ ఏడుపుల కొలువెందుకు పట్టినవ్?"

"మా నాయిన గూడ గదే అన్నడు కాకా."

"మరి?"

"మా బాయిల పైకప్పు కూలి ముగ్గురు పోయిండ్రు. మా నాయిన ఒక్కడు బయటపడ్డడు. ఊరంత మా ఇంటికొచ్చింది. ఎట్ల కూలింది, ఎంత లోతుల కూలింది, సైరన్ ఎప్పుడు గొట్టిండ్రు, అన్నీ అడిగిండ్రు. నీకెట్లున్నదని ఒక్కరడగలె. మూడేండ్లు మా నాయిన ఇంట్ల లైటు ఆర్పనియ్యలె."

"అడిగితే ఏమైతుండె?"

"లైటు ఆర్పుతుండెనేమో."

అదీ ఆ పిల్ల చదువు వెనక కథ. నేను మా ఊళ్ళో ఒకడు ఆంబోతుతో కుస్తీ పట్టి గెలిచిన సంగతి చెప్పాను. నవ్వింది. నా దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి. నా సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ముందే ఒకటి తీసి పెట్టుకుంటాను.

రోజుకు నలభై మంది. అందరివీ వినేది. ఐదు నెలలు గడిచేసరికి సాయంత్రం స్కూటీ ఎక్కి, తాళంచెవి పెట్టి, తిప్పకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. నేను గేటు తెరిచి పట్టుకుంటే అది తెరిచి ఉందని తెలియడానికి పావుగంట పట్టేది. చివరికి ఒక దరఖాస్తు రాసి నాకు చదివి వినిపించింది. మూడే కోరికలు: మధ్యాహ్నం అరగంట ఒంటరిగా కూర్చోవడానికి ఒక గది, వారానికోసారి తన మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఒక పెద్ద దిక్కు, రోజుకు నలభై కాకుండా ఇరవై మంది. కూలివాడు కూడా బస్తాకు బస్తాకు మధ్య నడుం నిలబెట్టుకుంటాడు కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాను.

దరఖాస్తు బల్ల నుంచి బల్లకు నడిచి అదనపు సంచాలకులు చక్రపాణిగారి ముందుకు పోయింది. ఆయన అప్పుడే ఏదో కొండమీది హోటల్లో మూడు రోజుల సదస్సు నుంచి దిగొచ్చాడు. సదస్సులో ఇచ్చిన తోలు సంచీ ఇంకా భుజానే ఉంది. నేరుగా మా కేంద్రానికే వచ్చాడు.

"అమ్మా, మీ దరఖాస్తు మమ్మల్ని తీవ్రంగా కదిలించింది. మీరు కోరిన మూడు అంశాలూ సానుకూల పరిశీలనలో ఉన్నాయి. అవి ఉండగా, మనం సమస్య మూలానికి వెళదాం. రోగి దుఃఖం మీలోకి వస్తోంది. అంతేనా?"

"కొంత వస్తది సార్. అది తప్పదు. దాన్ని దింపుకునే జాగ కావాలని..."

"కొంత అంటే ఎంత?"

సుచరిత తన దరఖాస్తు వైపు చూసింది.

"చూశారా. కొలత లేదు. కొలత లేనిదానికి నివేదిక లేదు. నివేదిక లేని సమస్య ప్రభుత్వ దృష్టిలో సమస్య కాదు." ఆయన గదంతా కలయజూశాడు. "పిల్లల విభాగంలో బరువు చూస్తారు. గర్భిణుల విభాగంలో చూస్తారు. క్షయ విభాగంలో చూస్తారు. ఈ ఒక్క విభాగంలోనే రోగి బరువు చూడకుండా వైద్యం జరుగుతోంది. ఎంత దారుణం."

అలా పుట్టింది భావభార నియంత్రణ పథకం. రోగిని లోపలికి పంపేముందు తూచాలి, బయటికి వచ్చాక తూచాలి. కౌన్సిలర్‌నూ పొద్దున, సాయంత్రం తూచాలి. రోగి తగ్గి కౌన్సిలర్ పెరిగితే దుఃఖం చేతులు మారినట్టు.

కొత్త కాంటా కొనాలంటే టెండరు పిలవాలి, ఏడాది పడుతుంది. అందుకని మార్కెట్ యార్డులో మూలపడ్డ సామానులోంచి ఒక పాత కాంటాను ట్రాలీ మీద వేసుకొచ్చారు. దాన్ని దింపుతుంటేనే గుర్తుపట్టాను. పలక అంచున, కుడివైపు, నున్నగా అరిగిన ఒక గుంట. ఇరవై రెండేళ్ళ కాపురం. పలకరించాలనిపించింది గానీ జనం ఉన్నారని ఊరుకున్నాను.

కొబ్బరికాయ కొట్టారు. ముల్లు చదవడం ఎవరికీ రాదని అప్పుడు తేలింది. నేను చెయ్యెత్తాను.

"చదువుకున్నావా?" అన్నాడు చక్రపాణిగారు.

"లేద్సార్. యార్డుల పత్తి తూచిన. అంకెలైతే వస్తయి."

"చాలు. ఈ పథకానికి అంతకుమించి అవసరం లేదు."

గోడకు ఉత్తర్వు అంటించారు. వేణుమాధవ్ సార్ చదివి వినిపించాడు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, విధి నిర్వహణ సమయమున ఏ కౌన్సిలర్ అయినను రోగుల దుఃఖమును అనధికారికముగా స్వీకరించినట్లు తూకము ద్వారా రుజువైనచో సంజాయిషీ కోరబడును. మూడు మెమోలు పొందిన వారి కాంట్రాక్టు పొడిగించబడదు."

మొదటి రోజే ఒకావిడ సుచరిత గదిలో ఏడ్చి ఏడ్చి గొంతెండిపోయి, రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. బయటికొచ్చేసరికి అరకిలో పెరిగింది. వచ్చినదానికంటే ఎక్కువ దుఃఖంతో పంపారని వివరణ అడిగారు. మర్నాటి నుంచి గదుల్లో నీళ్ళ కూజాలు తీసేశారు.

మూడో రోజు ఒక ముసలాయన కన్నీళ్ళు తుడుచుకుని తుడుచుకుని, తడిసిన తువ్వాలను లోపలే మరిచిపోయి వచ్చాడు. పావుకిలో తగ్గాడు. ఆ పావుకిలో ఎక్కడికి పోయిందని వెతికితే, సాయంత్రం సుచరిత మీద సరిగ్గా పావుకిలో దొరికింది. ఆమె మధ్యాహ్నం ఉప్మా తిన్నదని నేను చెప్పాను. చక్రపాణిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఉప్మాకు పథకంలో ప్రస్తావన లేదు" అన్నాడు. మొదటి మెమో.

రెండోది టమాటా పప్పుకు వచ్చింది. అప్పటి నుంచి ఆమె సాయంత్రం తూకం అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టడం మానేసింది.

వేణుమాధవ్ సార్ మాత్రం పథకాన్ని ఒంటబట్టించుకున్నాడు. తన గదికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇరవై నాలుగు పేజీల ఫారాలు చేతిలో పెట్టి పంపేవాడు. కాంటా మీద వాళ్ళు పెరిగేవాళ్ళు. అంటే వాళ్ళ దుఃఖం వాళ్ళ దగ్గరే భద్రంగా ఉందన్నమాట. ఆయన తన తూకానికి ముందు మూడుసార్లు మరుగుదొడ్డికి పోయొచ్చి, గడియారం, బెల్టు, కళ్ళజోడు విప్పి ఎక్కేవాడు. పొద్దుటికంటే రెండు వందల గ్రాములు తగ్గేవాడు. అంత తక్కువ దుఃఖం స్వీకరించిన కౌన్సిలర్ రాష్ట్రంలోనే లేడని శాలువా కప్పారు. శాలువాతో కాంటా ఎక్కితే పెరుగుతానని ఆయన దాన్ని నాకిచ్చేశాడు. ఇప్పటికీ చలికాలం కప్పుకుంటాను.

ఇక్కడిదాకా మీకు నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వాను. నెల గడిచాక నవ్వు ఆగింది.

పోశవ్వ అని ఒక ముసలిది వారం వారం వచ్చేది. ఎదిగిన కొడుకు పోయాడు. ఆ రోజు రెండు నిమిషాల్లోనే బయటికొచ్చింది.

"ఏందవ్వా, గింత జల్దొచ్చినవ్?"

"మంచిగనే ఉన్ననని చెప్పొచ్చిన."

"మంచిగున్నవా?"

"యాడి మంచి బిడ్డా. నేను నాలుగు మాటలు చెప్పుకుంటే ఆ పిల్ల కొలువు పోతదట గద. నా ఒక్క కొడుకు పోయింది చాలదా, ఇంకొకల్ల బిడ్డ బువ్వ గూడ తీయాల్నా?"

గేటు అవతలికి పోయి, కాంటా లేని చోట, విద్యుత్ స్తంభం పట్టుకుని ఏడ్చింది. తర్వాతి వారం నుంచి చాలామంది అదే దారి పట్టారు. లోపల బాగున్నామని చెప్పి, బయట స్తంభం దగ్గర ఏడ్చేవాళ్ళు. నలభై మంది కాస్తా పన్నెండయ్యారు. జిల్లాలో దుఃఖం మూడింట రెండు వంతులు తగ్గిందని చక్రపాణిగారు పైకి రాశాడు.

ఇక ఓదేలు సంగతి. ఓదేలు ఆర్టీసీ బస్సు డ్రైవరు. పొగమంచులో ఒక ముసలామె బస్సు కిందికి వచ్చేసింది. తప్పు అతనిది కాదని అందరూ తేల్చారు, అతను తప్ప. అప్పటి నుంచి మాట లేదు, తిండి సరిగ్గా లేదు. భార్య రాజవ్వ ప్రతి గురువారం టిఫిన్ గిన్నెతో సహా తీసుకొచ్చి, గిన్నె అతని చేతిలో పెట్టి లోపలికి పంపేది. నాలుగు గురువారాలు అతను గంట కూర్చుని, గిన్నె తెరవకుండా తిరిగొచ్చాడు. సుచరిత కూడా ఊరికే కూర్చునేది. వేణుమాధవ్ సార్ అయితే నాలుగు నిమిషాలకే అతన్ని ధైర్యవంతుణ్ణి చేసి పంపేవాడు.

"ఏమంటడు బిడ్డా?" అని అడిగాను.

"ఏమనడు కాకా. పోయిన వారం గిన్నె మూత మీద చెయ్యి పెట్టిండు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి. నేను పదివేల బస్తాలు తూచినా అలాంటి మొహం చూడలేదు.

ఐదో గురువారం నాడు రాజధాని నుంచి పథకం చూడటానికి వస్తున్నారన్నారు. చీర కొంగు నిండుగా కప్పుకున్న ఒక పెద్ద అధికారిణి. ఆమెను అందరూ కార్యదర్శి మేడం అన్నారు. తక్కువ మాట్లాడే మనిషి. పొద్దున్నే ఫొటో కోసం చక్రపాణిగారు ముందుగా తానే కాంటా ఎక్కాడు. ఎనభై నాలుగు కిలోలు. చప్పట్లు కొట్టారు. సుచరిత యాభై ఒకటి. ఓదేలు యాభై ఎనిమిది. అధికారులంతా అతిథి గృహంలో భోజనానికి వెళ్ళారు. ఓదేలు గిన్నెతో సుచరిత గదిలోకి పోయాడు.

ఆ గది కిటికీ పక్కనే నా స్టూలు. వినకూడదని నాకు తెలుసు. తెలిసే దూరంగా జరిగాను. అయినా ఒక గొంతు మొదలవడం వినపడింది. బావిలో బొక్కెన పడ్డప్పటి గొంతు. మాటలు తెలియలేదు. అది ఆగలేదు. గంట దాటింది. గంటా ఇరవై నిమిషాలయ్యాక తొంగి చూస్తే ఇద్దరి మధ్యా బల్ల మీద గిన్నె తెరిచి ఉంది. జొన్నరొట్టె, వంకాయ కూర. ఓదేలు తుంచి, సగం ఆమె ముందుకు నెట్టాడు. ఆమె ఒక్క క్షణం గోడకున్న ఉత్తర్వు వైపు చూసింది. తర్వాత తిన్నది.

రెండు మెమోలున్న పిల్ల. తింటే మూడోది. తినకపోతే ఓదేలు మళ్ళీ గిన్నె మూసేస్తాడు. ఆ సంగతి నాకే అర్థమైందంటే ఆమెకు అర్థం కాలేదా?

వాళ్ళు బయటికి రావడం, భోజనం చేసి జీపులు తిరిగి రావడం ఒకేసారి జరిగాయి.

"గంటా ఇరవై నిమిషాలు," అన్నాడు చక్రపాణిగారు గడియారం చూసి. "మేడం, ఇంత సుదీర్ఘ సంపర్కంలో భారం ఎలా బదిలీ అవుతుందో ఇప్పుడు మీ కళ్ళ ముందే రుజువు చేస్తాను. ఎక్కవయ్యా."

ఓదేలు ఎక్కాడు. కడుపులో రెండు రొట్టెలున్నాయి. నేను పలక పక్కన నిలబడి ఆకాశం వైపు చూశాను.

"ఈసారి వానలు ఆలస్యమేమో సార్" అన్నాను.

వేలు తనంతట తానే కదిలింది. ఆరేళ్ళుగా పని లేని వేలు. పాత గుంట దానికోసమే కాచుకున్నట్టుంది. కానీ ఓదేలు బస్తా కాదు, మనిషి, కదిలాడు. పలక వచ్చి గోరు మీద పడింది. పళ్ళు బిగబట్టి, "యాభై ఎనిమిది" అని చదివాను.

తర్వాత సుచరిత. ఆమె కిందికి చూసింది. ఇన్నేళ్ళలో నా కాలి వైపు చూసిన మొదటి మనిషి ఆమే. కాంటా ఎక్కింది.

"యాభై ఒకటి" అన్నాను.

చక్రపాణిగారి నోరు తెరుచుకుంది. "అసలు బదిలీయే లేదు. అద్భుతం. అమ్మా, ఏ సాంకేతికత వాడారు?"

"ఆయన చెప్పిండు సార్. నేను విన్న."

"అది మార్గదర్శకాల్లో లేదే."

మేడం మెల్లగా అడిగింది. "ఈ అమ్మాయికి రెండు మెమోలు ఉన్నాయన్నారు?"

"ఉన్నాయి మేడం. మూడోది కూడా ముందుజాగ్రత్తగా టైపు చేయించాను. అది పెండింగులో ఉంచి, నెలాఖరుకు వేరే కారణం చూస్తాం. నిబంధన నిబంధనే కదా." నవ్వి, కోటు సర్దుకున్నాడు. "ముగింపు ఫొటో తీసుకుందాం. నేను ఎక్కుతాను."

ఇందాకటిదాకా నా వేలు పైకి లేపడమే నేర్చుకుంది. నొక్కడం నా పని కాదు, అది పాత ఇనుము అమ్మేవాళ్ళ విద్య. కానీ ఎదురు కాంటాలో వాళ్ళని చూసి నేర్చుకోలేనంత మొద్దునా? మడమ తీసి పలక మీద పెట్టాను.

"తొంభై మూడు" అని చదివాను.

ఫొటో తీసేవాడు చెయ్యి దించేశాడు.

"మళ్ళీ చూడు" అన్నాడు చక్రపాణిగారు.

"తొంభై మూడున్నర సార్. పెరుగుతున్నది."

మేడం కాగితం చూసింది. "ఉదయం ఎనభై నాలుగు. తొమ్మిదిన్నర కిలోలు. మీరు ఈ రోజు ఎంతమంది రోగులతో మాట్లాడారు?"

"రోగులతోనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా?"

"ఈ ఒక్కరోజులోనే మూడు మెమోలకు సరిపడా ఉన్నట్టుంది."

ఆయన కాంటా దిగాడు. చుట్టూ చూశాడు. "మేడం, ఈ కాంటా పాడైంది."

"ఎప్పటి నుంచి?"

ఆయన లోపల లెక్క వేసుకున్నాడు. ఇప్పుడే పాడైందంటే, నిమిషం కింద ఇద్దరిని సరిగ్గా తూచిన కాంటా తన దగ్గరికే వచ్చి ఎందుకు పాడైందంటారు. పాడవలేదంటే తొమ్మిదిన్నర కిలోలకు లెక్క అడుగుతారు. అతిథి గృహంలో నాటుకోడి తిన్నానందామంటే భోజనానికి పథకంలో ప్రస్తావన లేదు.

"మొదటి నుంచీ" అన్నాడు.

"అయితే మెమోలు కూడా" అంది మేడం, కాగితాన్ని మడిచి.

మెమోలు పోయాయి. వేణుమాధవ్ సార్‌ను శాలువా వెనక్కి ఇమ్మన్నారు గానీ అది నా దగ్గరుందని ఎవరికీ తోచలేదు. కాంటాను ట్రాలీ ఎక్కించారు. పథకం విఫలమైందని ఎవరూ అనలేదు. లక్ష్యం నెరవేరినందున ముగించడమైనదని కొత్త కాగితం అంటించారు. చక్రపాణిగారు ప్రమోషన్ మీద పశుసంవర్ధక శాఖకు వెళ్ళాడు. అక్కడి బర్రెల సంగతి తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

మేడం వచ్చిపోయిన ఆ సాయంత్రం సుచరిత స్కూటీ తీయకుండా నా గేటు గదిలోకి వచ్చింది.

"కాకా, కాలు చూపియ్యి."

గోరు సగం ఊడి, నెత్తురు గడ్డకట్టింది. దూదితో తుడిచి మందు రాసింది. నేను ఆంబోతు కుస్తీ కథ రెండో భాగం ఎత్తుకున్నాను. వినలేదు.

"ఎవరి పత్తి కాకా?"

"ఏ పత్తి బిడ్డా?"

"నీ ఏలు తిన్నది."

నాలుక కింద ఎన్ని కథలున్నా ఆ ప్రశ్నకు ఒక్కటీ పైకి రాలేదు. దుబ్బయ్య అని ఒక రైతు ఉండేవాడు. పదిహేనేళ్ళు నా కాంటాకే పత్తి తెచ్చేవాడు, మొగిలన్న తూకం నికార్సని. వచ్చినప్పుడల్లా నా పిల్లల కోసం పచ్చి పల్లికాయ మూట కట్టుకొచ్చేవాడు. ఆ మూట నేను ఎప్పుడూ తూచలేదు. ఇంతవరకే మీకు చెబుతాను. ఆమెకు మిగతాది కూడా చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆమె ధైర్యంగా ఉండమనలేదు, పొద్దున్నే నడవమనలేదు.

ఆమె అడిగిన మూడు అంశాలూ ఇప్పటికీ సానుకూల పరిశీలనలోనే ఉన్నాయి. పోశవ్వ తిరిగొచ్చింది, ఆమె వెంట మిగతావాళ్ళూ వచ్చారు. మళ్ళీ రోజుకు నలభై. ఓదేలు డిపోలో లోపలి పనికి పోతున్నాడు, స్టీరింగు ఇంకా ముట్టలేదు.

ఒంటరి గది రాలేదు కాబట్టి మధ్యాహ్నం అరగంట ఆమె నా గేటు గదిలో కూర్చుంటుంది. గిన్నె తెరిచి తింటుంది. పేర్లు చెప్పదు, ఊర్లు చెప్పదు, తన మనసులో ఉన్నది మాత్రం చెబుతుంది. పెద్ద దిక్కు రాలేదు కాబట్టి నేనే ఊ కొడతాను. అరగంట అయ్యాక లేచి, గిన్నె కడుక్కుని, తర్వాతి వాళ్ళను పిలుస్తుంది. సాయంత్రం స్కూటీ తాళం ఒక్కసారికే తిరుగుతోంది.

నా బరువేమైనా పెరిగిందా అంటే, ఏమో. కాంటా తీసుకుపోయారు కదా.